దారి తప్పి దిగినవాడి తుపాకీ

1950ల్లో అమెరికా వైమానిక దళం తన విమాన సిబ్బందికి ఇచ్చిన ఒక రకం తూటాల పెట్టె మీద వింతైన హెచ్చరిక ఉండేది. ఇవి వేటకు మాత్రమే, యుద్ధంలో శత్రువు మీద వాడకూడదు అని దాని సారాంశం. తుపాకీ సైన్యానిది, పట్టుకునేవాడు సైనికుడు, పడబోయేది బహుశా శత్రువు గడ్డ మీద. అయినా శత్రువు మీద మాత్రం పేల్చకూడదు.

కారణం చట్టంలో ఉంది. ఆ తూటా ముక్కు మెత్తటి సీసంతో చేసింది. ఒంట్లో దిగగానే విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. అలాంటి తూటాల్ని యుద్ధంలో మనుషుల మీద వాడకూడదని 1899 నాటి హేగ్ ప్రకటన చెప్పింది. కుందేలు సంగతి ఆ ప్రకటనలో లేదు. చిన్న తూటాతో చిన్న జంతువును ఒక్క దెబ్బకు పడగొట్టాలంటే ఆ మెత్తటి ముక్కే కావాలి. అందుకని సైన్యం వేట తూటానే ఇచ్చి, పెట్టె మీద హెచ్చరిక రాసింది.

విమానం కూలి బతికి బయటపడ్డ పైలట్‌కీ, అనుకోని చోట దిగిన వ్యోమగామికీ ఇచ్చే ఈ తుపాకుల్ని ఆంగ్లంలో సర్వైవల్ గన్స్ అంటారు. ‘ఆత్మరక్షణ ఆయుధం’ అంటే వేరే అర్థం వస్తుంది కాబట్టి ఇక్కడ వాటిని మనుగడ తుపాకులు అందాం. ఆయుధాల చరిత్రలో వీటికి దక్కిన చోటు చిన్నదే. యుద్ధాలు గెలిపించినవి కావు, ఎక్కువ శాతం ఒక్కసారైనా పేలకుండానే మూలన పడ్డాయి. అయినా వీటిని శ్రద్ధగా చూడాలి. మామూలు తుపాకీని తయారుచేసేవాడికి దాన్ని ఎక్కడ, ఎవరి మీద వాడతారో తెలుసు. మనుగడ తుపాకీ చేసేవాడికి అది తెలీదు. మనిషి ఎక్కడ పడతాడు, ఎన్ని రోజులకు మనవాళ్ళు చేరతారు, వాళ్ళకంటే ముందు అక్కడికి ఎవరొస్తారు అన్న మూడు ప్రశ్నలకు అతను ఊహ మీదే జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబే ఉక్కులో అచ్చుపడుతుంది. ఒక్కో తుపాకీని విప్పి చూస్తే దాన్ని చేసిన కాలం దేనికి భయపడిందో తెలుస్తుంది.

ఆకలి భయం

మొదట భయపడింది ఆకలికీ అడవికీ. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైమానిక దళం ఉత్తర ఆఫ్రికా మీద ఎగిరే సిబ్బంది కోసం ఎం30 అనే మూడు గొట్టాల వేట తుపాకీ చేయించింది. పైన పక్కపక్కనే రెండు నున్నటి గొట్టాలు, 12 బోరువి, పిట్టలకూ చిన్న జంతువులకూ. కింద మరలు చెక్కిన గొట్టం ఒకటి, 9.3 మిల్లీమీటర్లది, పెద్ద మృగాలకు. మరలు తూటాను గిరగిర తిప్పి వదులుతాయి, అందువల్ల అది దూరం నుంచి కూడా గురి తప్పదు. జె.పి. సాయర్ అన్న పేరున్న వేట తుపాకుల సంస్థ 1941, 42 సంవత్సరాల్లో వీటిని దాదాపు 2,500 తయారుచేసి, అల్యూమినియం పెట్టెల్లో పెట్టి పంపింది. నగిషీకీ నాణ్యతకూ లోటు లేదు, జమీందారు వేటకు తీసుకెళ్ళే తుపాకీలా ఉంటుంది. అయితే లోపం కూడా అదే. బరువైన పెట్టెలో భద్రంగా ఉన్న తుపాకీ, విమానం నేల మీద దిగగలిగితేనే అక్కరకొస్తుంది. మంటల్లోంచి పారాచ్యూట్‌తో దూకేవాడు పెట్టె వెతుక్కోడు. ఎడారిలో పడ్డవాడిని చంపేది దాహం తప్ప సింహం కాదు. తుపాకీ ఎంత మంచిదో, ఊహ అంత తప్పింది.

అమెరికా వాళ్ళు ఆ పెట్టె లోపాన్ని సరిదిద్దారు. 1949లో వచ్చిన ఎం4 పొట్టి గొట్టంతో, లోపలికి జారే తీగ మడమతో (భుజానికి ఆనించే వెనక భాగం) ఉండేది. ఆ తర్వాత వచ్చిన ఎం6 ఇంకా తెలివైనది. ఇది పుస్తకంలా మడతపడుతుంది, మడిస్తే 40 సెంటీమీటర్లలోపే. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు: పైది పాయింట్ 22 హార్నెట్, కిందిది పాయింట్ 410 బోరు నున్నటి గొట్టం (ఆ అంకెలు గొట్టం వెడల్పును అంగుళాల్లో చెబుతాయి). కూర్చున్న కుందేలుకు పైది, ఎగిరే పిట్టకు కిందిది. మడమలోనే తూటాలు దాచుకునే అరలు, తొమ్మిది హార్నెట్ తూటాలకు, నాలుగు రవ్వ తూటాలకు, అంటే చిన్న గుళ్ళు చిమ్మేవాటికి.

ఎం6లో అన్నిటికంటే మెచ్చుకోవలసింది దాని ట్రిగ్గర్. మామూలు తుపాకీలో వేలు దూర్చే కన్నం ఉంటుంది, లోపల సన్నటి మీట. ఎం6లో వేలు దూర్చే కన్నమే లేదు. వెడల్పాటి పట్టీ ఒకటి ఉంటుంది, నాలుగు వేళ్ళతో కలిపి నొక్కవచ్చు. మంచులో చేతులు కొయ్యబారినప్పుడు, లావాటి ఉన్ని తొడుగులు తీస్తే వేళ్ళు పోయే చలిలో, ఒక్క వేలిని విడిగా కదపడం కుదరదు. అలాస్కా మీదుగా, ఉత్తర ధ్రువం మీదుగా సోవియట్ సరిహద్దు వైపు ఎగిరే బాంబర్ల కోసం ఆలోచించినవాడు తప్ప మరొకడు ఆ పట్టీ పెట్టడు. తుపాకీ చూసి దాని భూగోళం చెప్పవచ్చనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక ఆ హార్నెట్ తూటా. హార్నెట్ అంటే కందిరీగ. పేరుకు తగ్గట్టే చిన్నది, చురుకైనది. బజారులో దొరికే మామూలు పాయింట్ 22 తూటాకు ఇది దాదాపు రెండింతల వేగంతో పోతుంది. అంత చిన్న తూటాతో వంద మీటర్ల దూరంలోని జంతువును కొట్టగలగడం దీని బలం. ఎలుగుబంటి ముందు మాత్రం ఇది నిజంగా కందిరీగే. ఈ తుపాకులు తిండి కోసం, పోరాటం కోసం కాదు.

తేలిక చేయాలన్న తపన 1950ల్లో ముదిరింది. ఆర్మలైట్ సంస్థ ఎక్స్‌బీ-70 అనే భారీ బాంబర్ సిబ్బంది కోసం ఏఆర్-5 తెచ్చింది. కిలోకి కాస్త ఎక్కువ బరువు. గొట్టమూ మిగతా భాగాలూ ఊడదీసి బోలుగా ఉన్న మడమలో దాచేయవచ్చు, నీళ్ళలో వేస్తే తేలుతుంది. వైమానిక దళం 1956లో ఎంఏ-1 అన్న పేరుతో దాన్ని ఒప్పుకుంది గానీ, అప్పటికే ఎం4, ఎం6 తుపాకులు చాలా నిల్వ ఉండటంతో దాన్ని సిబ్బందికి ఇవ్వనే లేదు. దాని తమ్ముడు ఏఆర్-7, మామూలు పాయింట్ 22 తూటాలు పేల్చేది, పడవవాళ్ళ చేతుల్లోకీ అడవుల్లో గుడారాలు వేసుకునేవాళ్ళ చేతుల్లోకీ వెళ్ళి నేటికీ అమెరికాలో అమ్ముడవుతోంది.

తేలిక కోసం పడ్డ తాపత్రయం ఒకచోట బెడిసికొట్టింది. పైలట్ల కోసమే కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ సంస్థలు అల్యూమినియం రివాల్వర్లు చేశాయి. కోల్ట్ వాళ్ళది 300 గ్రాముల ప్రాంతంలో ఉండేది. ఒంటి చట్రం అల్యూమినియంతో చేస్తే ఫరవాలేదు. తూటాలు పేలే గుండ్రటి సిలిండర్ కూడా అల్యూమినియంతోనే చేశారు, అది పేలుడు ఒత్తిడిని తట్టుకోలేదు. మందు తగ్గించిన ప్రత్యేక తూటాలు ఇచ్చి చూశారు. చివరికి దశాబ్దం ముగిసేసరికి వాటిని వెనక్కి తెప్పించి, చాలామటుకు నాశనం చేశారు. ప్రాణం కాపాడవలసిన వస్తువు చేతిలో పగిలితే, దాని బరువు ఎంత తగ్గించినా ఏం లాభం?

ఈ వేట తుపాకుల వెనకున్న ఊహలో ఇంకో లొసుగుంది. తిండి లేకుండా మనిషి రెండు మూడు వారాలు బతకగలడు. నీళ్ళు లేకపోతే మూడు నాలుగు రోజులు. తడిబట్టలతో మంచులో చిక్కుకుంటే గంటలు. అందుకే గూడు, నిప్పు, సంకేతం, నీళ్ళు, ఆ తర్వాతే తిండి అని శిక్షణలో మొదటి రోజే చెబుతారు. పైగా కుందేలు మాంసంలో కొవ్వు బహు తక్కువ. దాన్నే నమ్ముకుని వారాలు గడిపితే కడుపు నిండా తింటూనే మనిషి నీరసించి పడిపోతాడని ఉత్తర కెనడా వేటగాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. మనుగడ తుపాకీ తీర్చేది జాబితాలో చివరన ఉన్న అవసరాన్ని. వెతికేవాళ్ళు వారాల తరబడి రాకపోవచ్చన్న కాలంలో అది కూడా అవసరమే, కాబట్టి దాన్ని తప్పు పట్టలేం.

తైగాలో రెండు రాత్రులు

అంతరిక్షం నుంచి తిరిగొచ్చేవాడి ఇబ్బంది వేరు. అతను ఎక్కడ దిగాలో ముందే లెక్కగట్టి ఉంటుంది. లెక్క తప్పితే మాత్రం వందల కిలోమీటర్లు తప్పుతుంది. కక్ష్యలో నౌక సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది కాబట్టి, కిందికి దింపే ఇంజన్ ఒక నిమిషం ఆలస్యంగా మండితే దిగే చోటు దాదాపు 450 కిలోమీటర్లు జరిగిపోతుంది.

1965 మార్చి 18న వోస్ఖోద్-2 నౌక నుంచి అలెక్సీ లియొనోవ్ బయటికొచ్చి 12 నిమిషాల పాటు శూన్యంలో తేలాడు. మనిషి అలా చేయడం అదే మొదటిసారి. లోకానికి గుర్తున్నది అక్కడి వరకే. మర్నాడు తిరుగు ప్రయాణంలో నౌకను దానంతటదే దింపవలసిన వ్యవస్థ పనిచేయలేదు. కమాండర్ పావెల్ బెల్యాయెవ్ చేత్తో నడిపి దింపవలసి వచ్చింది. గురి చూసే కిటికీ, కూర్చునే కుర్చీ ఒక దారిలో లేకపోవడంతో ఇద్దరూ కుర్చీల్లోంచి కదిలి, గురి సరిచూసుకుని, మళ్ళీ కుర్చీల్లో సర్దుకునేసరికి 46 సెకన్లు గడిచాయి. ఆ 46 సెకన్లకు మూల్యం 386 కిలోమీటర్లు. దిగవలసిన చోటికి అంత దూరంగా, వాళ్ళు కూర్చున్న గోళం ఉరల్ పర్వతాలకు పడమట, పెర్మ్ ప్రాంతపు తైగాలో, అంటే ఉత్తరాది చలి అడవిలో, చెట్ల మధ్య ఇరుక్కుంది.

లియొనోవ్ సూటులో చెమట మోకాళ్ళ దాకా నిలిచి ఉంది. అది అలాగే ఉంటే రాత్రికి గడ్డకడుతుంది. ఇద్దరూ ఆ చలిలో బట్టలన్నీ విప్పి, పిండుకుని, మళ్ళీ తొడుక్కున్నారు. తలుపు పేల్చి తెరిచిన గోళం గాలిని ఆపదు. మార్చి నెల. అది తోడేళ్ళూ ఎలుగుబంట్లూ జతకట్టే కాలమనీ, అవి మహా కోపంగా ఉంటాయనీ లియొనోవ్ తర్వాత చెప్పేవాడు. వాళ్ళ దగ్గర ఒక పిస్తోలు ఉంది. హెలికాప్టర్లు వాళ్ళను కనిపెట్టాయి గానీ ఆ దట్టమైన అడవిలో దిగే చోటు లేదు. పై నుంచి వెచ్చటి బట్టలు, బూట్లు, గొడ్డలి విసిరారు. రెండో రోజు స్కీల మీద ఒక బృందం చేరి, దుంగలు నరికి చిన్న గుడిసె కట్టి, మంట వేసింది. మూడో రోజు అందరూ స్కీల మీదే తొమ్మిది కిలోమీటర్లు నడిచి, చెట్లు కొట్టి చదును చేసిన చోట హెలికాప్టర్ ఎక్కారు.

ఈ కథలో ఆ పిస్తోలు ఏం చేసింది? ఏమీ చేయలేదు. కాపాడినవి గొడ్డలి, బూట్లు, మంట, స్కీలు. అయినా ఆ రెండు రాత్రులు లియొనోవ్‌ను వదల్లేదు. ఎలుగుబంటి ఎదురొస్తే ఆ పిస్తోలు ఎందుకు పనికొస్తుంది అన్న ప్రశ్నను అతను ఆ తర్వాతి ఏళ్ళలో అధికారుల ముందు పెడుతూ వచ్చాడు.

పదేళ్ళకు ఆ భయానికి మరో ముఖం కనిపించింది. 1975 ఏప్రిల్ 5న వాసిలీ లాజరెవ్, ఒలెగ్ మకరోవ్ ఎక్కిన సోయుజ్ నౌక రాకెట్ దశలు సరిగా విడిపోకపోవడంతో కక్ష్య చేరకుండానే వెనక్కి పడింది. ఒంటి బరువుకు ఇరవై రెట్లకు పైగా ఒత్తిడి వాళ్ళ మీద పడింది. ఆల్టాయ్ పర్వతాల మంచు వాలు మీద పడ్డ గోళం లోయ వైపు జారుతుండగా పారాచ్యూట్ దేనికో చిక్కుకుని ఆగింది. వాళ్ళను అన్నిటికంటే భయపెట్టింది, తాము చైనాలో పడ్డామేమోనన్న అనుమానం. అప్పటికి రెండు దేశాలకూ పడేది కాదు. నౌకలో ఉన్న సైనిక కాగితాల్ని లాజరెవ్ అక్కడే తగలబెట్టాడు. తీరా చూస్తే పడింది సోవియట్ గడ్డ మీదే. మర్నాడు వాళ్ళను బయటికి తెచ్చారు.

మూడు గొట్టాలు, ఒక కత్తి

ఆ అనుభవాల ఫలితంగా తులా నగరంలో తయారైంది టీపీ-82. సమోవార్లకూ (టీ కాచే రష్యన్ పాత్రలు) తుపాకులకూ పేరుమోసిన ఊరు అది. 1980ల్లో రూపుదిద్దుకున్న ఈ పిస్తోలు 1986లో సోయుజ్ నౌకల అత్యవసర సంచిలోకి చేరింది. ఆకారంలో జర్మన్ల మూడు గొట్టాల తుపాకీకి మనవడు. పైన పక్కపక్కనే రెండు నున్నటి గొట్టాలు, 12.5 మిల్లీమీటర్లవి, కింద మరలున్న గొట్టం, 5.45 మిల్లీమీటర్లది. సోవియట్ సైన్యపు ఏకే-74 రైఫిల్ కొలతే అది, తూటా మాత్రం వేటది, ముక్కు మెత్తనిది. నున్నటి గొట్టాల్లోంచి పిట్టల్ని కొట్టే రవ్వలూ పేల్చవచ్చు, ఆకాశంలోకి వెలుగు విరజిమ్మే సంకేతాలూ పేల్చవచ్చు. నాటు వేట తుపాకీలాగే మధ్యకు విరిచి తూటాలు నింపుతారు.

అసలు విశేషం మడమ. పిస్తోలును రైఫిల్‌లా భుజానికి ఆనించి గురి చూడటానికి వెనక తగిలించే ఆ మడమ నిజానికి ఒరలో ఉన్న వెడల్పాటి నరుకుడు కత్తి. ఒరతో సహా తగిలిస్తే తుపాకీ మడమ, ఊడదీసి ఒర లాగితే కొమ్మలు కొట్టే కత్తి. మడమతో కలిపి బరువు 2.4 కిలోలు, లేకుండా 1.6. గ్రాము గ్రాముకీ లెక్క చెప్పాల్సిన అంతరిక్ష నౌకలో రెండు వస్తువుల పని ఒక్కదానితో చేయించడం మంచి పనితనం. తైగాలో గడిచిన ఆ రెండు రాత్రుల్ని గుర్తు చేసుకుంటే, టీపీ-82లో నిజంగా అక్కరకొచ్చే భాగం గొట్టాల కంటే ఆ కత్తేనేమో అనిపిస్తుంది. గొడ్డలి వల్ల బతికిన మనిషి ఎలుగుబంటి కోసం తుపాకీ అడిగాడు. చేసినవాళ్ళు ఆ తుపాకీకే గొడ్డలి లాంటిది తగిలించి ఇచ్చారు.

అమెరికా వ్యోమగాముల సంచిలో తుపాకీ లేదు. మెర్క్యురీ యాత్రల్లో కత్తి ఉంది. అపోలో యాత్రల్లో నరుకుడు కత్తి, ఉప్పు నీటిని మంచినీరు చేసే సరంజామా, రేడియో ఉన్నాయి. దీన్ని రెండు దేశాల స్వభావాల తేడాగా చెప్పడం అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అందులో పస లేదు. తేడా భూగోళంలో ఉంది. అమెరికా నౌకలు సముద్రంలో దిగేవి, అక్కడ యుద్ధనౌకలు కాచుకుని ఉండేవి. సోవియట్ నౌకలు నేల మీద దిగేవి. ఆ దేశపు నేలలో అధిక భాగం అడవీ మంచూ. సముద్రంలో పడ్డవాడికి కావలసింది తెప్ప, మంచినీళ్ళు. తెలుగు మూలాలున్న రాజా చారి 2022 మేలో స్పేస్‌ఎక్స్ క్యాప్స్యూల్‌లో అంతరిక్ష కేంద్రం నుంచి తిరిగొచ్చింది కూడా సముద్రంలోకే. 2020 నుంచి రష్యాలో శిక్షణ పొందిన మన గగన్‌యాన్ వ్యోమగాములు మాత్రం రెండూ నేర్చుకున్నారు. ఫిబ్రవరిలో మంచు అడవిలో, జూన్‌లో నీళ్ళలో, జూలైలో గడ్డిమైదానంలో. వాళ్ళ నౌక దిగవలసింది సముద్రంలోనే అయినా, కక్ష్యలో ఉన్న నౌకకు 46 సెకన్ల తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో నేర్పినవాళ్ళకు బాగా తెలుసు.

ఇద్దరికీ చట్టం ఒకటి కాదు

పైలట్‌నీ వ్యోమగామినీ ఇంతవరకూ ఒకే గాటన కట్టి చెప్పుకున్నాం. ఇక్కడ విడదీయక తప్పదు. 1967 అంతరిక్ష ఒప్పందం వ్యోమగాముల్ని మానవజాతి దూతలంది. ఒప్పందంలో చేరిన ఏ దేశంలో పడినా ఆ దేశం సాయం చేసి, క్షేమంగా తిరిగి పంపాలి. మర్నాటి ఏడాది కుదిరిన మరో ఒప్పందం ఆ బాధ్యతను ఇంకా వివరంగా రాసింది. అంటే చట్టం దృష్టిలో దిగివచ్చిన వ్యోమగామికి భూమ్మీద శత్రువు లేడు. లాజరెవ్ కాగితాలు తగలబెట్టిన రోజుకు మాత్రం చైనా ఆ ఒప్పందాల్లో ఇంకా చేరలేదు. అతని భయానికి కారణం లేకపోలేదు. అలాంటి మినహాయింపు తీసేస్తే, వ్యోమగామి తుపాకీకి ఎదురుగా ఉండేది మృగం ఒక్కటే.

పైలట్‌కు అంత రక్షణ లేదు, కొంత ఉంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 42వ అధికరణం ప్రకారం, కూలుతున్న విమానంలోంచి పారాచ్యూట్‌తో దిగుతున్నవాడిని గాల్లో ఉండగా కాల్చకూడదు. శత్రు నేల మీద దిగాక లొంగిపోయే అవకాశం ఇవ్వాలి. అతను పోరాటానికి దిగుతున్నట్టు స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. నడుముకున్న పిస్తోలు ఒరలో ఉన్నంతసేపూ చట్టం అతని పక్షం. తీసి పేల్చిన క్షణం అతను మళ్ళీ సైనికుడు, ఎదుటివాళ్ళు వందమంది ఉన్నా సరే.

1960 మే 1న యూ-2 గూఢచారి విమానంలో సోవియట్ యూనియన్ మీద కూలిన గ్యారీ పవర్స్ దగ్గర చప్పుడు కాని పాయింట్ 22 పిస్తోలు ఉంది. అతను దాన్ని తీయలేదు, పొలాల్లో పనిచేసేవాళ్ళ చేతికి చిక్కాడు, ప్రాణాలతో మిగిలాడు. 1995 జూన్‌లో బోస్నియాలో ఎఫ్-16 కూలిన స్కాట్ ఓగ్రేడీ ఆరు రోజులు పొదల్లో నక్కి బతికాడు. ఆకులూ చీమలూ తిన్నాడు, వాననీటిని స్పంజితో పీల్చి దాచుకున్నాడు. వెతికే సైనికులు మీటర్ల దూరంలోంచి నడిచి వెళ్తుంటే మొహం నేలకు ఆనించి కదలకుండా పడుకున్నాడు. చేతిలో పిస్తోలు ఉంది, ఒక్కసారి పేలినా అతని ఆచూకీ తెలిసిపోయేది. అతన్ని బయటికి తెచ్చింది రేడియో. అదే గనక 1950ల పైలట్ అయి, కుందేలు మీద హార్నెట్ పేల్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. వేట తుపాకీ శత్రువు లేని అడవికి మాత్రమే. శత్రువు ఉన్నచోట దాని చప్పుడే చేటు.

1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 ఇంజన్ ఆగిపోయి బయటికి దూకిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత పరిస్థితి వేరు. ఆ ఇంటిపేరును తెలుగు పాఠకులు వెంటనే పోల్చుకుంటారు. మంచు కొండల మీద దిగిన అతన్ని పాకిస్తానీ సైనికులు చుట్టుముట్టారు. వాళ్ళ దగ్గర ఆటోమేటిక్ రైఫిళ్ళు, ఇతని దగ్గర పిస్తోలు. పేల్చాడు, చిక్కాడు, జూన్ మొదటి వారంలో తిరిగొచ్చాడు. 2018 ఫిబ్రవరి 3న సిరియాలోని ఇద్లిబ్‌లో కూలిన రష్యన్ పైలట్ రోమన్ ఫిలిపోవ్ స్టెచ్కిన్ పిస్తోలుతో చివరిదాకా పోరాడి, చుట్టుముట్టినప్పుడు గ్రెనేడ్ పేల్చుకుని చనిపోయాడు. అతని ఎదుట ఉన్నది జెనీవా ఒప్పందాల మీద సంతకం చేసిన దేశపు సైన్యం కాదు, సాయుధ దళాలు. లొంగిపోతే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం లేనప్పుడు 42వ అధికరణానికి విలువ ఎంత? ఐసిస్ వాళ్ళు 2014 డిసెంబరులో సిరియాలో చిక్కిన జోర్డాన్ పైలట్‌ను ఏం చేశారో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత పైలట్ల భయం పూర్తిగా మనిషి వైపు తిరిగింది.

అమెరికా తాజా జవాబులో ఆ మార్పు స్పష్టంగా ఉంది. జీఏయూ-5ఏ అన్నది మామూలు ఎం4 సైనిక రైఫిల్‌నే (1949 నాటి ఎం4 కాదు, పేరు మాత్రమే ఒకటి) గొట్టం ఊడేలా, పిడి మడతపడేలా మార్చి చేసింది. ఎజెక్షన్ సీటు కింద 40 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 9 లోతు ఉన్న సంచిలో నాలుగు మ్యాగజైన్లతో సహా ఇముడుతుంది, ఒక్కో మ్యాగజైన్‌లో 30 తూటాలు. పైలట్ దాన్ని నిమిషంలోపు బిగించగలడు. ఇందులో వేట తూటా లేదు, పిట్టల రవ్వలు లేవు, సంకేత గొట్టం లేదు. 1950ల హెచ్చరిక తిరగబడింది. అప్పుడు తూటాలు శత్రువు మీద వాడకూడనివి, ఇప్పుడు శత్రువు మీద తప్ప మరిదేనికీ కానివి. ఆకలి ఏమైంది? ఆకలి వేసేలోపే హెలికాప్టర్ వస్తుందన్నది ఈ తుపాకీలో దాగున్న నమ్మకం. కొన్ని గంటల పాటు శత్రువును దూరంగా ఉంచడమే దాని పని.

ఆ నమ్మకానికి ఆధారం ఆకాశంలో ఉంది. ప్రమాదంలో ఉన్న విమానాలూ ఓడలూ పంపే సంకేతాల్ని ఉపగ్రహాలతో పట్టే కోస్పాస్-సార్సాట్ వ్యవస్థను అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి నిర్మించాయి. 1982లో అది మొదటిసారి మనుషుల్ని కాపాడింది. భారతదేశమూ అందులో భాగస్వామే, ఇస్రో బెంగళూరు కేంద్రం మన వైపు సంకేతాల్ని చూస్తుంది. అణుబాంబులు ఒకదాని మీద ఒకటి గురిపెట్టుకున్న రోజుల్లో రెండు దేశాలూ కలిసి చేసిన ఈ పని, పైలట్ల కోసం చేసిన ఏ తుపాకీ కంటే ఎక్కువ ప్రాణాలు నిలిపింది.

టీపీ-82 కథ ముగిసింది కూడా అలాగే. 2003 మేలో సోయుజ్ టీఎంఏ-1 దాదాపు 460 కిలోమీటర్ల ముందే కజక్ మైదానంలో పడింది. ఇద్దరు అమెరికన్లు, ఒక రష్యన్ కొన్ని గంటల పాటు ఎవరికీ అందలేదు. ఆ సంఘటన తర్వాత సంచిలోకి కొత్తగా చేరింది ఉపగ్రహ ఫోను. 2007 ప్రాంతంలో మూడు గొట్టాల పిస్తోలు విరమించింది. దానికోసమే చేసిన ప్రత్యేక తూటాల గడువు తీరిపోయిందన్నది బయటికొచ్చిన కారణం. ఎలుగుబంటి కోసం చేసిన తుపాకీ స్థానంలోకి మళ్ళీ మామూలు పిస్తోలు వచ్చింది.

2008 ఏప్రిల్‌లో టీఎంఏ-11 కూడా దారి తప్పింది, ఈసారి దాదాపు 475 కిలోమీటర్లు. యూరీ మలెంచెంకో, పెగ్గీ విట్సన్, దక్షిణ కొరియా తొలి వ్యోమగామి యి సో-యాన్ అందులో ఉన్నారు. వేడెక్కిన గోళం తగిలి చుట్టూ గడ్డి అంటుకుంది. ఆ పొగ చూసి, హెలికాప్టర్ల కంటే ముందు అక్కడికి చేరింది తోడేళ్ళు కాదు, మైదానంలో పశువులు కాసుకునే కజక్‌లు. బరువు తెలియని చోట ఉండి కాళ్ళు నిలవని వాళ్ళను గోళంలోంచి బయటికి రావడానికి వాళ్ళే సాయం పట్టారు. లోపలున్న ఫోను వగైరా వాళ్ళలో ఒకరు దూరి తెచ్చిచ్చారు.

2014లో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి చెప్పినదాన్ని బట్టి, సోయుజ్ అత్యవసర సంచి జాబితాలో పిస్తోలు పేరు అప్పటికీ ఉంది. ప్రతి యాత్రకూ ముందు సిబ్బంది కూర్చుని జాబితా అంతా చదివేవారు. ఆ వరస దగ్గరికి రాగానే, ఈసారికి వద్దని ఓటు వేసి పక్కన పెట్టేవారు. పేరు మాత్రం కొట్టేసేవారు కాదు.